యాభై రూపాయల ముక్క

మిరపకు మందు కొట్టాల్సిన పొద్దున పంపు స్టార్టు కాకపోతే రైతు ఎవరి దగ్గరికి వెళ్లాలి? అమ్మిన దుకాణానికా, తయారుచేసిన కంపెనీకా, రాయితీ ఇచ్చిన వ్యవసాయ శాఖకా? మూడు గడపలూ తొక్కి వచ్చినవాళ్లను నేనెరుగుదును. మూడుచోట్లా దొరికిన జవాబు ఒక్కటే: అది మా చేతుల్లో లేదు.

2021-22లో నల్ల తామరపురుగు తెలుగునాట మిరపతోటల మీద పడ్డ సంగతి మిరప పండించే ఏ ఇల్లూ మరిచిపోదు. పూతలో దూరి పూతనే రాల్చేసింది. మందులకు అంత తేలిగ్గా లొంగని పురుగది. కొట్టినా ఫలితం అంతంతమాత్రంగా ఉన్న ఆ రోజుల్లో, అసలు కొట్టడానికే పంపు లేక, దాన్ని గోనెసంచిలో చుట్టి బండి వెనక కట్టుకుని మండల కేంద్రానికి, అక్కణ్ణుంచి జిల్లా కేంద్రానికి, అక్కడా దొరక్కపోతే సికింద్రాబాద్ రాణిగంజ్ దాకా తిరిగిన మనుషులున్నారు. "ఆ మోడలు రావట్లేదన్నా, పార్టు దొరకదు, కొత్తది తీస్కో" అని కౌంటర్ వెనకాల మనిషి ఫోన్లోంచి తలెత్తకుండా చెప్పేస్తాడు. ఆ మాట విన్నప్పుడల్లా నా ఒళ్లు మండిపోతుంది. ఎందుకంటే, ఆ పంపులో పోయిందేమిటో నాకు తెలుసు.

వీపున వేసుకునే పవర్ స్ప్రేయరులో, మన రైతులు తైవాన్ పంపు అనేదానిలో, ఎక్కువగా ఉండేది చిన్న టూ స్ట్రోక్ ఇంజను. పెట్రోల్లో ఆయిలు కలిపి పోయాలి. ఆయిలు తగ్గితే పిస్టను పట్టేస్తుంది, ఎక్కువైతే ప్లగ్గు మసిబారుతుంది. సీజను అయిపోయాక ట్యాంకులో మిగిలిన పెట్రోలును ఎవరూ తీసెయ్యరు, తీసెయ్యాలని అమ్మినవాడూ చెప్పడు. నెలల తరబడి నిలవున్న పెట్రోలు ఆవిరైపోయి జిగురు మిగులుతుంది. ఆ జిగురు కార్బురేటరులోని సన్నటి జెట్టును మూసేస్తుంది. కొన్ని కార్బురేటర్లలో డయాఫ్రం అని పల్చటి పొర ఉంటుంది, అది గట్టిపడి పెట్రోలును లాగడం మానేస్తుంది. మళ్లీ సీజను వచ్చి తాడు లాగితే ఇంజను దగ్గుతుందే తప్ప అందుకోదు.

రోగం కనుక్కోవడానికి పెద్ద చదువులు అక్కర్లేదు. ప్లగ్గు ఊడదీసి చూస్తే సగం సంగతి అక్కడే తెలుస్తుంది. తడిగా ఉంటే పెట్రోలు అందుతోంది, నిప్పు పుట్టడం లేదు. అప్పుడు ప్లగ్గును తుడిచి, గ్యాపు సరిచూసి, పెట్రోలుకు దూరంగా ఇంజను ఒంటికి ఆనించి తాడు లాగి, నీలం మెరుపు వస్తోందో లేదో చూడాలి. పొడిగా ఉంటే ముందు పెట్రోలే రావట్లేదు. ట్యాంకులోని ఫిల్టరు, పైపు, కార్బురేటరు, ఈ వరసలో చూసుకుంటూ పోవాలి. ఊళ్లో సైకిలు షాపు కుర్రాడు కూడా ఒక పూటలో నేర్చుకోగలిగిన పని ఇది. పోయిన పొర ఖరీదు పదుల రూపాయల్లోనే ఉంటుంది. వేలు పోసి కొన్న యంత్రాన్ని పక్కన పడెయ్యమంటున్నది ఆ ముక్క కోసం. ఆ ముక్కను తయారుచేయడం ఎవరికీ చేతకాక కాదు, పల్లెదాకా పంపాలన్న బాధ్యత ఎవరి నెత్తినా లేక.

ఇళ్లల్లో సంగతి కూడా ఇంతకంటే భిన్నంగా ఏమీ లేదు. రెగ్యులేటరు అయిదులో పెట్టినా సీలింగు ఫ్యాను నింపాదిగా తిరుగుతోందంటే, పదింట తొమ్మిదిసార్లు లోపల కండెన్సరు బలహీనపడి ఉంటుంది. మామూలు ఇంటి ఫ్యానుకు ఎక్కువగా వాడేది 2.5 మైక్రోఫారడ్‌ది. 50 రూపాయలు పెడితే కొత్తది వస్తుంది. మెయిన్ ఆపి, పైన గిన్నె కిందికి దించి, పాతది తీసి కొత్తది కలిపితే అయిపోయింది. ఈ ఒక్క విషయం తెలియక మోటారు కాలిపోయిందనుకుని ఫ్యాన్లను పాతసామానువాడికి కిలోల లెక్కన ఇచ్చేసిన ఇళ్లు మా వీధిలోనే ఉన్నాయి. వాళ్లను తప్పుపట్టను. వాళ్లకు ఎవరు చెప్పారు గనక?

మిక్సీ తీసుకోండి. పచ్చడి రుబ్బుతుంటే ఉన్నట్టుండి ఆగిపోతుంది. అడుగున చిన్న ఎర్ర బటను ఉంటుంది. లోడు ఎక్కువైతే మోటారు మాడిపోకుండా కరెంటు ఆపేసే ఏర్పాటది. కాసేపు చల్లారనిచ్చి దాన్ని నొక్కితే మళ్లీ తిరుగుతుంది. అది ఉందని తెలియక మిక్సీని ఆటోలో వేసుకుని వెళ్లిన ఆడవాళ్లెందరో. బటను నొక్కి డబ్బు తీసుకున్న దుకాణాలూ ఉన్నాయి. వెనక సందుల్లోంచి నిప్పురవ్వలు ఎక్కువగా కనిపిస్తూ, మోటారు తిరుగుతూ ఆగుతూ ఉంటే కార్బన్లు అరిగాయని అర్థం. మోటారు రయ్యిమంటున్నా జార్లో బ్లేడు కదలకపోతే కప్లరు పళ్లు అరిగాయి. ఇవన్నీ అరగడానికే పెట్టిన భాగాలు. అరుగుతాయని తెలిసే ఇంజనీరు వాటిని విడిగా, తీసి మార్చేలా పెట్టాడు. కానీ ఒక్కో కంపెనీ కప్లరుకు ఒక్కో సైజు, ఒక్కో మరచుట్టు. ఒకే కంపెనీలో కూడా మోడలు మారితే కప్లరు మారిపోతుంది. 2024 డిసెంబరు 28 నుంచి ఐరోపా సమాఖ్యలో అమ్మే కొత్త ఫోన్లన్నిటికీ ఒకే రకం చార్జింగ్ పోర్టు ఉండాలని చట్టం చేశారు. ఎంతో గింజుకున్న కంపెనీలు కూడా దారికొచ్చాయి. చార్జరుకు కుదిరిన పని మిక్సీ కప్లరుకు ఎందుకు కుదరదు? దేశంలో కోట్ల ఇళ్లల్లో రోజూ తిరిగే వస్తువది. దానిమీద ఐఎస్ఐ గుర్తు వేయడానికి ప్రమాణాలు రాయగలిగినవాళ్లు, అందులో అరిగే ముక్కకు ఒక కొలత నిర్ణయించలేరా?

అన్నిటికంటే నా కడుపు రగిలేది వాషింగ్ మెషీన్ల విషయంలో. ముందు తలుపుండే మెషీన్లలో డ్రమ్ము బేరింగు కొన్నేళ్లకు అరగడం సహజం. స్పిన్నింగులో ఇల్లంతా అదిరే మోత వస్తుంది. బేరింగు అనేది ప్రపంచంలో ఎక్కడైనా నంబరు చెబితే దొరికే వస్తువు, వందల రూపాయల్లో వస్తుంది. అయితే ఇప్పుడొస్తున్న చాలా మోడళ్లలో బేరింగు కూర్చునే టబ్బును రెండు సగాలుగా మరలతో బిగించడం మానేసి, వేడితో అతికించేస్తున్నారు. బేరింగు మార్చాలంటే టబ్బును కోయాలి, లేదా మొత్తం టబ్బును కొత్తది వేయాలి. మెకానిక్ అంచనా రాసిస్తే మెషీను ధరలో సగం దాకా వస్తుంది. అప్పుడు మీరే అంటారు: ఇంత పెట్టే బదులు కొత్తదే కొందాం. ఆ మాట మీ నోటివెంట రావాలనే ఆ టబ్బును అలా అతికించారు. నేను అలాగే నమ్ముతున్నాను, ఈ నమ్మకాన్ని మార్చే కారణం ఏ కంపెనీ ఇంతవరకూ చెప్పలేదు.

ఏసీల బోర్డుల కథ కూడా ఇదే. బయట పెట్టిన యూనిట్లోకి బల్లి దూరి బోర్డు మీద పడితే చాలు, ఏసీ మూగబోతుంది. కరెంటు హెచ్చుతగ్గులప్పుడు బోర్డును కాపాడటానికే పెట్టిన వేరిస్టర్ అనే చిన్న బిళ్ల తను కాలిపోయి, ఫ్యూజు కొట్టేసి, మిగిలిన బోర్డును కాపాడుతుంది. అది దాని ధర్మం. ఆ బిళ్ల, ఆ ఫ్యూజు కలిపి హైదరాబాద్ కోఠి గుజరాతీ గల్లీలో కొన్ని పదుల రూపాయలకు దొరుకుతాయి. కంపెనీ సర్వీసు కుర్రాడు మాత్రం బోర్డు మొత్తం మార్చాలని వేల రూపాయల అంచనా చేతిలో పెడతాడు. ఆ కుర్రాడి మీద నాకు కోపం లేదు. బోర్డు మీద ఒక్క ముక్క మార్చడానికి అతనికి అనుమతి లేదు, సర్క్యూటు బొమ్మ ఇవ్వరు, రోజుకు ఇన్ని ఇళ్లు తిరగాలని, ఇన్ని వార్షిక ఒప్పందాలు అంటగట్టాలని లెక్క మాత్రం ఇస్తారు. ఐటీఐలో రెండేళ్లు మోటార్లు, రిలేలు చదువుకుని వచ్చిన పిల్లవాడిని పెట్టె విప్పి పెట్టె బిగించే మనిషిగా మార్చేశారు.

2023 జనవరి 1 నుంచి సీలింగు ఫ్యాన్లకు స్టార్ లేబులు తప్పనిసరి చేశారు. మంచి పనే. పాత ఫ్యాను 70, 80 వాట్లు తింటే, కొత్త బీఎల్‌డీసీ ఫ్యాను 30 వాట్ల చుట్టుపక్కల నడుస్తుంది. బిల్లు తగ్గుతుంది, బొగ్గు మిగులుతుంది. అయితే ఈ ఫ్యానులో 50 రూపాయల కండెన్సరు స్థానంలో ఒక ఎలక్ట్రానిక్ బోర్డు వచ్చి కూర్చుంది. దాన్ని కొన్నిటిలో నల్లటి గట్టి బంకతో కప్పేస్తున్నారు. తేమ చేరకుండా అంటారు. అది పోతే ఎవరు బాగుచేస్తారు, బోర్డు ఎన్నాళ్లు దొరుకుతుంది, ఎంతకు దొరకాలి, ఈ ప్రశ్నలు ఆ లేబులు మీద ఎక్కడా లేవు. కరెంటు ఎంత ఆదా అవుతుందో చుక్కల్లో కొలిచినవాళ్లు, ఫ్యాను ఎన్నేళ్లు బతుకుతుందో ఒక్క మాట రాయలేదు. మూడేళ్లకోసారి చెత్తలో పడే ఫ్యాను ఏ కరెంటును ఆదా చేసినట్టు?

చెత్త అన్నాను గనక ఆ లెక్క కూడా చెప్పాలి. 2022లో ప్రపంచం మొత్తం మీద 6.2 కోట్ల టన్నుల ఎలక్ట్రానిక్, ఎలక్ట్రికల్ వ్యర్థాలు పోగయ్యాయని ఐక్యరాజ్యసమితి సంస్థలు 2024లో వెలువరించిన నివేదిక చెప్పింది. అందులో పద్ధతి ప్రకారం సేకరించి రీసైకిల్ చేసినట్టు లెక్కకు వచ్చింది 22.3 శాతమే. మిగిలినదానిలో కొంత ఎక్కడో పూడ్చారు, కొంత ఎక్కడో కాల్చారు. రాగి తీగ కోసం వైరు కాల్చే పొగ పీల్చేది ఎవరి పిల్లలో వేరే చెప్పక్కర్లేదు.

మరి ప్రభుత్వం ఏం చేసింది? 2022 జులైలో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ రిపేరు హక్కు మీద ఒక కమిటీ వేసింది. నాలుగు రంగాలను ఎంచుకుంది: వ్యవసాయ పరికరాలు, ఫోన్లు, ఇంటి వస్తువులు, వాహనాలు. ఆ జాబితాలో వ్యవసాయ పరికరాలు చూసి నేను నిజంగా సంతోషించాను. అదే ఏడాది డిసెంబరు 24న, జాతీయ వినియోగదారుల దినోత్సవం నాడు, రిపేరు హక్కు పోర్టల్ తెరిచారు. కంపెనీలు తమ సర్వీసు సమాచారం, విడిభాగాల వివరాలు అందులో పెట్టాలి. పెట్టకపోతే? ఏమీ లేదు. ఇష్టమైతే పెడతారు, లేకపోతే లేదు. శిక్ష లేదు, గడువు లేదు, ఇన్నేళ్లు విడిభాగాలు ఉంచాలన్న నియమం లేదు. తరవాత ఎంత తేలిగ్గా రిపేరు చేయవచ్చో మార్కులు వేసే సూచిక మీద మరో కమిటీ కూర్చుంది, 2025లో నివేదిక ఇచ్చింది. కమిటీ తరవాత కమిటీ. చట్టం మాత్రం రాలేదు. ఈలోపల ఎన్ని ఖరీఫ్‌లు గడిచాయి, ఎన్ని రబీలు గడిచాయి? పంపు విడిభాగం కోసం తిరిగే రైతుకు ఆ పోర్టల్ ఉందని ఏ వ్యవసాయ విస్తరణ అధికారి అయినా చెప్పాడా?

ఇది అసాధ్యమైన కోరిక అని ఎవరైనా అంటే, ఐరోపా వైపు చూపిస్తాను. 2021 మార్చి 1 నుంచి అక్కడ అమ్మే వాషింగ్ మెషీన్లకు ముఖ్యమైన విడిభాగాలను, ఆ మోడలు ఆపేశాక కూడా 10 ఏళ్లు అందుబాటులో ఉంచాలి. ఫ్రిజ్‌ల థర్మోస్టాట్లు, బోర్డుల వంటివి 7 ఏళ్లు, తలుపు రబ్బర్లు 10 ఏళ్లు. ఆర్డరు పెట్టాక 15 పనిరోజుల్లో చేరాలి. ఆ భాగాలు మామూలు పనిముట్లతో మార్చగలిగేలా ఉండాలి. ఫ్రాన్సు 2021 జనవరి 1 నుంచే ఫోన్లు, లాప్‌టాప్‌లు, టీవీలు, వాషింగ్ మెషీన్లు, గడ్డికోత యంత్రాల మీద పదికి ఇన్ని మార్కులని రిపేరు సూచిక అతికించింది. 2024లో ఐరోపా సమాఖ్య మరో అడుగు వేసి, రిపేరును అడ్డుకునే పరికరాల మీద, సాఫ్ట్‌వేరు తాళాల మీద కూడా ఆంక్షలు పెడుతూ చట్టం తెచ్చింది. 2026 జులై 31కల్లా అమలులోకి తేవాలని సభ్య దేశాలకు గడువు పెట్టింది.

అక్కడ అమ్మేదీ, ఇక్కడ అమ్మేదీ చాలావరకు అవే కంపెనీలు. ఫ్రాన్సులోని లియోన్‌లో ఒక ఇల్లాలికి పదేళ్ల తరవాత కూడా తలుపు రబ్బరు పంపగలిగే కంపెనీ, కర్నూల్లో ఇల్లాలికి అయిదేళ్లకే ఆ మోడలు ఆగిపోయిందని చెబుతుంది. గోదాము కట్టడం రాక కాదు. అక్కడ చట్టం అడుగుతుంది, ఇక్కడ అడిగేవాడు లేడు. మనల్ని ఇంత తేలిగ్గా తీసుకున్నారని తెలిశాక కూడా మనకు కోపం రాకపోతే ఇంకెప్పుడు వస్తుంది?

మన దేశంలో అడిగినవాళ్లు లేరని కూడా అనను. శంషేర్ కటారియా అనే వినియోగదారుడు 2011లో కాంపిటీషన్ కమిషన్‌కు ఫిర్యాదు చేశారు. కార్ల కంపెనీలు అసలైన విడిభాగాలనూ, రోగం కనుక్కునే పరికరాలనూ, మాన్యువళ్లనూ బయటి మెకానిక్కులకు అందనివ్వడం లేదన్నది ఆ ఫిర్యాదు. విచారణ పెరిగి పెద్దదై, 2014 ఆగస్టులో కమిషన్ 14 కార్ల కంపెనీలకు కలిపి 2,544 కోట్ల రూపాయలకు పైగా జరిమానా వేసింది. బయటివాళ్ల చేతికి విడిభాగాలిస్తే భద్రతకు ముప్పని కంపెనీలు చేసిన వాదనను కమిషన్ ఒప్పుకోలేదు. అప్పీళ్లు తరవాత నడిచాయి, అది వేరే కథ. నేను చెప్పేదొక్కటే. ఒక్క మనిషి ఓపిగ్గా అడిగితే కార్ల విషయంలో ఇంత కదిలింది. మిక్సీల విషయంలో, పంపుల విషయంలో అలా అడిగే ఒక్క సంఘం, ఒక్క పార్టీ, ఒక్క శాసనసభ్యుడు మనకు కనిపించడం లేదు. చవక వస్తువులు గనక చవక మనుషుల బాధ అనుకున్నారా?

భద్రత మాట నేను కొట్టిపారెయ్యను. మైక్రోవేవ్ ఓవెన్లో కెపాసిటరు ప్లగ్గు తీసేశాక కూడా ప్రాణం తీసేంత కరెంటును పట్టి ఉంచుతుంది. తెలియనివాళ్లు దాని మూత కూడా తీయకూడదు. ఏసీలో గ్యాసు పని తర్ఫీదున్నవాళ్లే చేయాలి. గీజరును ముట్టుకునే ముందు మెయిన్ ఆపాలి, ఆపానని టెస్టరుతో చూసుకోవాలి. ఎర్తింగు లేని ఇళ్లల్లో ఏ రిపేరూ చేయకముందే ఎర్తింగు వేయించుకోవాలి. ఈ నాలుగు మాటలూ చెప్పడానికి, రాయడానికి కంపెనీ దగ్గర కాగితం లేదా? నిజంగా ప్రాణాల మీద అక్కరున్నవాళ్లు ఏది మీరు చేసుకోవచ్చు, ఏది చేసుకోకూడదు అని విడమరిచి చెబుతారు. అంతా మూసేసి, ముట్టుకుంటే గ్యారంటీ పోతుందని స్టిక్కరు వేస్తే దాన్ని భద్రత అనరు.

అసలు వస్తువుతో ఇచ్చే పుస్తకం ఏ భాషలో ఉంటోంది? 2011 జనాభా లెక్కల ప్రకారం తెలుగు మాతృభాషగా ఉన్నవాళ్లు 8 కోట్లకు పైనే. మిరపతోటల్లో తిరిగే పంపుతో వచ్చిన పుస్తకం ఇంగ్లీషులో ఉంటుంది, అదీ అక్షరదోషాలతో, ఎక్కడో తర్జుమా చేసి పడేసిన ఇంగ్లీషు. పెట్రోల్లో ఆయిలు ఎంత పాళ్లలో కలపాలో, సీజను చివర ట్యాంకు ఖాళీ చేయాలని, ఎయిర్ ఫిల్టరు ఎప్పుడు కడగాలో అందులో ఉంటుంది. ఎవరు చదువుతారు? చదవలేని భాషలో రాసిచ్చి, తరవాత మీరు సరిగ్గా వాడలేదు గనక గ్యారంటీ వర్తించదంటారు. ఇంతకంటే అన్యాయం ఇంకేముంటుంది? టీవీలో తెలుగు హీరోతో తెలుగు డైలాగు చెప్పించి అమ్మడానికి డబ్బుంది. నాలుగు పేజీల తెలుగు పుస్తకం అచ్చేయడానికి లేదు.

బడుల మీద కూడా నాకు కోపం ఉంది. పదో తరగతి భౌతికశాస్త్రంలో విద్యుత్ మోటారు పాఠం ఉంది. బొమ్మ గీసి, భాగాలు గుర్తించి, మార్కులు తెచ్చుకున్న ఆడపిల్ల ఇంటికెళ్లి ఆగిపోయిన మిక్సీ ముందు నిస్సహాయంగా నిలబడుతుంది. పాఠంలో ఆమె గుర్తించిన బ్రష్‌లే ఆ మిక్సీలో అరిగిపోయిన కార్బన్లు. ఈ సంగతి ఆమెకు ఎవరూ చూపించలేదు. పైగా స్క్రూడ్రైవరు పట్టుకుంటే నీకెందుకే, షాకు కొడుతుంది అంటారు. తమ్ముడు పట్టుకుంటే అడ్డు చెప్పరు. మిక్సీతో, కుక్కరుతో, వాషింగ్ మెషీనుతో పొద్దస్తమానం పనిచేసేది ఎవరు? వాటి లోపల ఏముందో తెలుసుకునే హక్కు మొట్టమొదట ఎవరిది? ఏడాదికి ఒక్క రోజు ప్రతి హైస్కూల్లో పాడైన మిక్సీలు, ఫ్యాన్లు, ఇస్త్రీపెట్టెలు తెప్పించి పిల్లల చేత విప్పిస్తే ఖర్చేమవుతుంది? 300 రూపాయల మల్టీమీటరు ఒక్కటి ల్యాబ్‌లో ఉంటే, తెగిన తీగ ఎక్కడుందో చెప్పే ఆ బీప్ శబ్దం విన్న పిల్ల దాన్ని జన్మలో మరిచిపోదు.

ఒకప్పుడు సనత్‌నగర్‌లో మొదలైన హైదరాబాద్ ఆల్విన్ కంపెనీ ఫ్రిజ్‌లు తయారుచేసేది. గ్యాసు పట్టించుకుని, థర్మోస్టాటు మార్చుకుని, రంగు వేయించుకుని ఆ ఫ్రిజ్‌లను ఏళ్లకేళ్లు నడుపుకున్న ఇళ్లు హైదరాబాద్‌లో ఎన్నో. ఆ రోజులు తిరిగి రావాలని నేను అనడం లేదు. ఆ ఫ్రిజ్‌లు ఇప్పటివాటికంటే కరెంటు ఎక్కువే తినేవి. అయితే ఆ ఫ్రిజ్ చుట్టూ ఒక వైండింగు షాపు, ఒక గ్యాసు వెల్డరు, విడిభాగాల దుకాణం, వాటిమీద ఆధారపడ్డ కుటుంబాలు ఉండేవి. ట్రూప్ బజార్లో, రాణిగంజ్‌లో, విజయవాడ వన్‌టౌన్‌లో ఇంకా మిగిలిన ఆ మనుషులు ఇప్పుడు నకిలీ విడిభాగాలతో కుస్తీ పడుతున్నారు, ఎందుకంటే అసలువి వాళ్లకు అమ్మరు. సర్క్యూటు బొమ్మ లేని బోర్డు ముందు భూతద్దం పెట్టుకుని ఏ ట్రాకు ఎక్కడికి పోతోందో వేలితో గీసుకుంటూ కూర్చుంటారు. యూట్యూబులో మన కుర్రాళ్లే తెలుగులో పెట్టిన వీడియోలు చూసి నేర్చుకుంటారు. కంపెనీలూ కళాశాలలూ చేయాల్సిన పని, నెలకు ఇంత అని ఖాయమైన రాబడి లేని ఆ మెకానిక్కులు ఊరికే చేసిపెడుతున్నారు. వాళ్లకు మనం ఇచ్చే పేరు లోకల్ మెకానిక్. ఆ పేరు పలికేటప్పుడు గొంతులో వినిపించే చిన్నచూపును నేను భరించలేను.

చట్టం రావడానికి ఢిల్లీ ఇంకా ఎన్నేళ్లు తీసుకుంటుందో తీసుకోనివ్వండి. రేపే చేయగలిగిన పని ఒకటుంది, దానికి చట్టంతో అవసరమే లేదు. వ్యవసాయ యాంత్రీకరణ ఉపమిషన్ కింద 2014-15 నుంచి కేంద్రం, రాష్ట్రాలు కలిసి రైతులకు యంత్రాల మీద 40 నుంచి 50 శాతం దాకా రాయితీ ఇస్తున్నాయి. పవర్ స్ప్రేయర్లూ, కలుపుతీసే పవర్ వీడర్లూ అందులో ఉన్నాయి. అంటే, ఈ యంత్రాల ధరలో దాదాపు సగం కడుతున్నది ప్రభుత్వం. కొనుగోలుదారు షరతు పెట్టలేడా? వ్యవసాయ యంత్రాలను పరీక్షించే కేంద్ర సంస్థ మన అనంతపురం జిల్లా గార్లదిన్నెలోనే ఉంది. యంత్రం ఎన్ని లీటర్లు కొడుతుంది, ఎంత పెట్రోలు తాగుతుంది అని పరీక్షించే చోట, ఆ యంత్రపు కార్బురేటరును ఊళ్లో దొరికే స్పానరుతో విప్పగలరా లేదా అని కూడా పరీక్షించండి. ఎన్ని విడిభాగాలు బయట దొరుకుతున్నాయో నివేదికలో రాయండి.

రాయితీ జాబితా మీద సంతకం పెట్టే అధికారులారా, వచ్చే ఏడాది ఉత్తర్వులో ఈ షరతులు చేర్చండి. పంపు అమ్మిన ప్రతి మండలంలో డయాఫ్రం, ప్లగ్గు, స్టార్టరు తాడు, ఫిల్టరు, గొట్టం, నాజిలు 10 ఏళ్లపాటు దొరకాలి. వాటి ధరలు రైతు సేవా కేంద్రం గోడ మీద పెద్ద అక్షరాలతో రాసి ఉండాలి. పుస్తకం తెలుగులో ఉండాలి, విప్పే వరస బొమ్మలతో సహా. మండలానికి ఇద్దరు కుర్రాళ్లకు, ఇద్దరు ఆడపిల్లలకు ఆ కంపెనీయే తన ఖర్చుతో తర్ఫీదు ఇవ్వాలి, ఆ తరవాత ఆ పని వాళ్ల చేత చేయించాలి. సీజన్లో అడిగిన విడిభాగం వారంలోపు రాకపోతే, రైతుకు కొత్త పంపు ఇచ్చి, ఆ కంపెనీ పేరును మరుసటి ఏడాది జాబితాలోంచి కొట్టెయ్యండి.